నాయన పక్కకు తీసిన తాబేలు

పెనుకొండ కొండ వెనక హనుమంతప్పకు నాలుగెకరాల మెట్ట చేను ఉంది. తొలకరి దుక్కికి దిగినప్పుడల్లా వాళ్ల నాయన మడకకు ముందు తాను నడిచేవాడు. డిప్ప మీద పసుపు చుక్కల గీతలున్న నక్షత్ర తాబేలు కనబడితే ఎత్తి గెనిమ గట్టు మీది కంపలో వదిలాకే ఎద్దుల్ని అదిలించేవాడు. ఒక ఏడు చూసుకోక, మడక కర్రు తగిలి ఒకదాని డిప్ప అంచు ఎగిరిపోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. అంచు విరిగిన ఆ తాబేలు మాత్రం, ఆయన పోయాక కూడా, ప్రతి తొలకరికీ ఆ చేలోకే వచ్చేది.

పోయిన జూన్‌లో చీరల వ్యాపారి గోవిందరాజులు శెట్టి ధర్మవరం నుంచి చీరల మూటలతో హిందూపురం తిరిగిపోతూ చేను దగ్గర కారు ఆపాడు. హనుమంతప్ప చేతిలో ఆ అంచు విరిగిన తాబేలును చూశాడు.

“ఏమప్పా, ఇది ఇంట్లో ఉంటే కలిసొస్తుందంట గదా! మా కోడలు యాడాదిగా అడుగుతాండాది.”

“ఇది మా నాయన చూసుకున్నేది శెట్టిగారూ...”

“ఒగటి పోతే నీ చేనుకు కరువొస్తుందా ఏం? నన్ను చూసి నవ్వుతాండాది సూడు, నాతో వస్తానంటాండాది!”

పెద్దమనిషి నోరు తెరిచి అడిగాడు. కాదంటే ఏమనుకుంటాడో! ఈ పాడు మొహమాటమే మనబోటివాళ్లను ముంచేది. హనుమంతప్ప తన తువ్వాలులోనే చుట్టి ఇచ్చాడు.

ఇరవై రోజుల తర్వాత హిందూపురంలో పనిబడి, చూసిపోదామని శెట్టి ఇంటికి వెళ్లాడు. హాల్లో గాజు తొట్టి, రంగు రాళ్లు, ఎర్ర బల్బు. మెడలోతు నీళ్లలో తాబేలు తల పైకెత్తి గోడను గీరుతోంది. కళ్లు వాచాయి. ముక్కులోంచి బుడగలు.

“నీళ్లలో ఏస్తిరేందమ్మా!”

“తాబేలుండేది నీళ్లల్లోనే గదన్నా? దినామూ నీళ్లు మారుస్తాండా. చేపల మేత ఏస్తే ముట్టడంల్యా,” అంది శెట్టి కోడలు విమల. ఆమె నిజంగానే బాధపడుతోంది.

“ఇది మెట్టన తిరిగేది తల్లీ. గడ్డి తింటుంది. ఈత రాదు దీనికి.”

ఎత్తుదామని చెయ్యి పెట్టాడు. రాళ్ల మధ్య తెల్లగా ఉన్నదీ రాయే అనుకున్నాడు. తడిమితే గుడ్డు. తవ్వుకోవడానికి గుప్పెడు మట్టి దొరక్క, నీళ్లలోనే జార్చేసింది.

విమల సరేననడంతో తాబేలును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. సోమందేపల్లి దాటేసరికి మెడ వాలిపోయింది.

గెనిమ పక్కన పూడ్చి, “మా నాయన తెలీక గాయం చేసి అన్నం మానేసినాడు. నేను తెలిసి ఇచ్చి సంపితినే,” అని భార్య నీలావతి ముందు కూలబడ్డాడు.

ఈ ఏడు తొలకరికి ట్రాక్టరు ముందు అతనే నడిచాడు. చేనంతా నడిచినా ఒక్కటీ ఎదురు కాలేదు. అప్పుడే శెట్టి ఫోను.

“ఇంగొగటి దొరికితే చెప్పప్పా. ఈసారి నీళ్లలో పెట్టంలే.”

హనుమంతప్ప ఈసారి మొహమాటపడలేదు.

“దొరికినా ఇయ్యను శెట్టిగారూ. చేలల్లో, కంపల్లో బతికేది ఎవరింటికీ అదృష్టం మోసుకురాదు. అడిగేది మీరు మానాల, ఇచ్చేది మేము మానాల. అప్పుడే అది బతుకుతుంది.”