దాలమ్మ తట్ట

నరసన్నపేట బస్సులో చేపల తట్ట ఎక్కనివ్వరు కనుక తాతమ్మ నడిచే వచ్చింది. వీధి మొదట్లో తట్ట దించి, ఎండుచేపల మీద గోనెపట్టా సర్ది, తట్ట కింద ఆనే చుట్టకుదురు మళ్ళీ నెత్తిన పెట్టుకుని తట్ట ఎత్తుకుంది. ఆ కుదురు అక్క దాలమ్మ తన పాత చీరతో చుట్టింది. తట్టా దాలమ్మదే, తిరిగే ఇళ్ళూ దాలమ్మవే. అక్క వానల ముందే పోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పుకుని ఏడవాలనుకుంది. ఎవరడిగారు గనక! "దాలమ్మా, ఎండు కవళ్ళున్నాయేటి?" అన్నారు. అక్క పొట్టి, ముక్కుకి అడ్డబాస. తాతమ్మ పొడుగు, బోసిముక్కు, ఎడమ కంట్లో పువ్వు. అయినా వీధి వీధంతా దాలమ్మా అనే పిలిచింది. సముద్రం వాళ్ళంటే ఊళ్ళో వాళ్ళకి తట్టా, వాసనా, అంతే. పిలవగా పిలవగా తాతమ్మ పలకసాగింది. ఈమధ్య ఇంటి దగ్గర తాతమ్మా అని తన పేరుతో పిలిస్తే వెంటనే పలకడం లేదు. అందుకే భయం పట్టుకుంది.

ఇవాళ గురమ్మకైనా చెప్పాలి. ఆవిడ మూడు పురుళ్ళకీ, పాలు పడాలని అక్క పాలసొర చేప వెతికి తెచ్చిపెట్టింది. ఆ ఇల్లాలైనా అయ్యో అనాలి.

గురమ్మ చేపలకి మారుగా చేటతో వడ్లు తెచ్చి, చెయ్యి తగలకుండా పైనుంచి ఒళ్ళో పోసింది. కొత్తగా వేసిన ఐ.ఆర్. ఎనిమిది, వాళ్ళు తినని లావు గింజ.

"అమ్మా, దాలమ్మ నేదు. సచ్చిపోనాది. నాను దాని సెల్లిని."

గురమ్మ చేపలు ఏరుతూనే నవ్వింది. "నీ సావు నువ్వే సెప్తన్నావేటే?"

"నా మొకం సూడమ్మా, ఒక్కపాలి."

గురమ్మ తలెత్తింది. పాపం, నిజంగానే చాలాసేపు చూసింది.

"సూసేను. నువ్వే."

తాతమ్మ తట్ట ఎత్తుకుని వెనుదిరిగింది. దారిలో కాలవ నీళ్ళు తాగబోయి, అందులో ఎవరి మొహం కనబడుతుందోనని వంగడానికి ధైర్యం చాలక దాహంతోనే ఇల్లు చేరింది. జ్వరం తగిలింది. తాతమ్మా అని ఇంటిల్లిపాదీ పిలిచినా కళ్ళు తెరవలేదు. ఎవరో ఏడుస్తూ దాలమ్మ పేరెత్తితే మాత్రం "వస్తన్నానమ్మా" అంది. తెల్లారేసరికి పోయింది.

ఆ తట్ట తాతమ్మ కోడలు అసిరమ్మ ఎత్తుకుంది. ఇంకా పసితనం వీడని మొహం. గురమ్మ గుమ్మం ముందు తట్ట, కుదురు దించిందో లేదో, ఆవిడ చేటతో బయటికొచ్చింది.

"సచ్చిపోనానన్నావు, మల్లీ వచ్చేవేటే దాలమ్మా?"

అసిరమ్మ పలకలేదు. తట్ట చంకనేసుకుని, వెనక్కి చూడకుండా వీధి దాటిపోయింది. చుట్టకుదురు మాత్రం గుమ్మం ముందే ఉండిపోయింది, మధ్యలో గుండ్రటి ఖాళీతో.