పేరు రాస్తే చాలు

చిన్నమ్మలుకు చదవడం వచ్చిందని ఆమెకన్నా ముందు ఆమె మొగుడు కొర్నేలి కనిపెట్టాడు. సుపేలా బజారులో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కొట్ల బోర్డులకేసి చూస్తూ పెదవులు కదుపుతోంది. పిచ్చిగాని ఎక్కిందా అని నవ్వాడు. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉందనిపించింది ఆమెకు.

అది 1979. వాళ్లు వలసొచ్చిన హిందీ ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసర్ల భార్యలు కూలీల బస్తీ క్యాంప్ 2లో పెట్టిన వయోజన విద్యా కేంద్రంలో సుమతి టీచరు ముందు తెలుగు, తర్వాత హిందీ నేర్పింది. ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చని ఆ టీచరు పిల్ల చెప్పిన నాటినుంచి చిన్నమ్మలుకు అదే ధ్యాస.

కేంద్రానికి పెద్ద కుముదిని, ఇంజనీరు రామమోహనరావు భార్య. చిన్నమ్మలు అంట్లు తోమేది ఆవిడ క్వార్టర్లోనే. ఒకనాడు ఆవిడ పిలిచి, ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడనీ, చదువురాని పెద్దవాళ్లకు ఇకమీదట ఎంతవరకు నేర్పాలో సర్కారుకు చెప్పేది ఆయనేననీ అంది. ఆయన ఎదుట మొదటి అక్షరం దిద్దడానికి మనిషి కావాలి. కొత్తగా చేరినవాళ్లు కొంగు కప్పుకుని ఏడుస్తున్నారు.

"నువ్వైతే బెదరవు. ఏమీ రానట్టు కూర్చో, చాలు."

చిన్నమ్మలు కూర్చుంది. కుముదిని చెయ్యి పట్టి 'అ' దిద్దిస్తుంటే వేళ్లు కావాలని వంకర తిప్పింది. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. వెనక సుమతి తల ఎత్తలేదు.

పెద్దాయన మంచివాడే. వంగి, ఇంకా ఏం నేర్చుకోవాలని ఉందని హిందీలో అడిగాడు. కంగారులో హిందీ నోటికి రాక ఆమె తెలుగులోనే చెప్పేసింది.

"నాకు సదవడం వచ్చీసింది బాబూ. ఏడో తరగతి పరీచ్చ రాయాలనుంది. ఆ పైన కూడా సదవాలనుంది."

ఆయన కుముదిని వైపు చూశాడు. ఆవిడ చిన్నమ్మలు భుజం మీద చెయ్యి వేసి, వేళ్లు గట్టిగా నొక్కి, నవ్వుతూ హిందీలోకి మార్చింది. తన పేరు తాను రాసుకోగలిగితే ఈ జన్మకు చాలంటోంది, పాపం.

ఆ హిందీ ప్రతి ముక్కా చిన్నమ్మలుకు అర్థమైంది. కాదనడానికి మాటలు నాలుక చివరే ఉన్నాయి. భుజం మీది వేళ్లు మాత్రం కదల్లేదు. పెద్దాయన కళ్లు చెమర్చాయి. వీళ్లకు కావలసింది ఇంతేననీ, మనమే అనవసరంగా పుస్తకాలు నెత్తిన రుద్దుతున్నామనీ పక్కవాళ్లతో అన్నాడు.

ఎండలు తగ్గేసరికి కేంద్రంలో సంతకం తప్ప మరేదీ నేర్పక్కర్లేదని పైనుంచి మాట వచ్చింది. సుమతిని మానిపించారు. పుస్తకాలు మూటగట్టి పట్టుకుపోయారు. చిన్నమ్మలు పరీక్ష సంగతి ఎత్తితే కుముదిని కసరలేదు. పనిమనిషిని మార్చుకుంది, అంతే. కలెక్టరమ్మ చేత అంట్లు తోమించుకుంటే ఏం బాగుంటుందని పక్కింటావిడతో నవ్వింది. చిన్నమ్మలు ఇంకా వాకిట్లోనే ఉంది.

ఆ మర్నాడు సుపేలాలో సత్యలక్ష్మి ఎదురైంది. కేంద్రంలో సంతకం మాత్రం నేర్చుకుని బయటపడ్డ మనిషి. రిసాలిలో కొత్తగా పని దొరికిందట. తొలిరోజే ఆలస్యమైతే ఊరుకోరని గాభరా పడుతోంది. ఇంతలో బస్సొచ్చి ఆగింది.

"అక్కా, నువ్వు సదివినదానివి కదా. ఇది రిసాలి ఎల్తాదా?"

బోర్డు మీద దుర్గ్ అని పెద్ద అక్షరాలు. రిసాలి దారే కాదది. చిన్నమ్మలు అటు చూసి, చదివింది.

"ఎల్తాది. ఎక్కు."

సత్యలక్ష్మి దండం పెట్టినంత పని చేసి, జనాన్ని తోసుకుంటూ ఎక్కేసింది. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. చిన్నమ్మలు అక్కడే నిలబడి, తనకు జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు.