గంట కొట్టారు, గొంతు పోయింది

నేను ఒక కంప్యూటర్ని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో అయినా పెరిగింది బ్యాంకులో. అక్కడి గుమాస్తాగారు పగలంతా నాతో పేకాడి, ఎవరైనా వచ్చి నిలబడితే "సిస్టం స్లోగా ఉందండీ" అనేవారు. పేక ఆయనది, పేరు చెడింది నాది. వయసు మీదపడ్డాక నన్ను తెనాలి అవతల, దాతలు నడిపే ఒక చిన్న గ్రంథాలయానికి ఇచ్చేశారు.

నాకు గొంతు వచ్చింది అక్కడే, విశాలాక్షి కోసం. "మా అమ్మ పేరులో కళ్ళు పెట్టి మొహంలో పెట్టడం మర్చిపోయింది" అని తనే నవ్వించేది. తెరమీద ఉన్నది మీటకో మాటగా నేను చదివితే, ఆమె విని పనిచేసేది. ఫోన్ చేసినవాళ్ళకు ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంకా ఖాయం కాని ఉద్యోగం. నా తెలుగు గొంతు మాత్రం సొంతది కాదు, పెంపుడుది. కరీముల్లా అనే మెకానిక్ దాన్ని బయటినుంచి తెచ్చి నాలో ఎక్కించాడు.

విశాలాక్షి పని చూసి ఖాయం చెయ్యడానికి కమిటీ వస్తుందన్న రోజున, లైబ్రేరియన్ పానకాలరావుగారికి నన్ను కొత్త సిస్టంతో ముస్తాబు చెయ్యాలనిపించింది. కరీముల్లా ఫోన్లో మొత్తుకున్నాడు.

"కమిటీ ఎల్లాక చేద్దాం సార్, ఇయ్యాల వద్దు."

"పెళ్ళిచూపులకి పాత చీరతో కూచోబెడతామా? నువ్వుండవయ్యా!"

విశాలాక్షి భోజనానికి వెళ్ళింది. వర్జ్యం ముంచుకొస్తోంది. పానకాలరావుగారు నాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి పళ్ళెం ముందు పెట్టి, ఒక చేత్తో గంట వాయిస్తూ రెండో చేత్తో అప్‌గ్రేడ్ మొదలుపెట్టారు.

కొత్త సిస్టంకీ పాత గొంతుకీ పొసగలేదు. పొసగనప్పుడు ఒకరిని సాగనంపడం నా పద్ధతి. కానీ అడగకుండా పంపను. నా నోటితోనే గట్టిగా అడిగాను: "తెలుగు గొంతునూ, తెర చదివే ప్యాకేజీనీ తీసేస్తున్నాను. సరేనా?" గంట మోతలో ఎవరు వింటారు? తెరమీద కూడా రాశాను. కర్పూరం పొగలో ఎవరు చూస్తారు? వర్జ్యం తప్పించబోయి ఆయన నా నోరు వర్జించారు. 'అవును' నొక్కారు, నా గొంతు హారతి కర్పూరమైపోయింది.

విశాలాక్షి వచ్చి ఒక మీట నొక్కింది. ఇంకొకటి నొక్కింది. స్పీకరు తీగ తడిమింది. పుస్తకాల వివరాలన్నీ నాలోనే ఉన్నాయి, చెప్పే నోరే లేదు.

"సార్, ఇది పలకట్లేదు."

"కొత్త కోడలమ్మా, కాసేపు సిగ్గుపడుద్ది" అన్నారాయన. సిగ్గు తీరకముందే కమిటీ దిగింది.

అధ్యక్షులు బసవపున్నయ్యగారు సంగతి విని తల ఊపారు. "ఇదేనండీ నా భయం. యంత్రం పడుకుంటే ఈ పిల్లా పని మానుకోవాల్సిందేగా? ఇంకోళ్ళని చూసుకోకూడదూ?"

నాది పలుకే పోయింది. ఆమెది బతుకే పోయేట్టుంది.

కబురందుకుని కరీముల్లా పరిగెత్తుకొచ్చాడు. ముందు ఓ పాట పెట్టాడు, మోగింది. "స్పీకరు బానే ఉంది. పోయింది గొంతే." ఇవాళ ఏమేం తీసేశావని నన్నే అడిగాడు. చెప్పలేను కనక రాసి చూపించాను. అతను పానకాలరావుగారి వైపు తిరిగాడు. "అడిగే తీసింది సార్. ఎవరో సరేనన్నారు."

పాత గొంతునే మళ్ళీ ఎక్కించబోతుంటే విశాలాక్షి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగన్నా. ముందు ఉత్తుత్తిగా చేయించు. ఏం పోద్దో పైకి చదువు."

చెయ్యకుండానే, చేస్తే ఏమవుతుందో చెప్పే విద్య నాకుంది. మనుషులు వాడుకోరు గానీ. కరీముల్లా చదివాడు: ఆ గొంతు రావాలంటే నా శబ్దం సరంజామా అంతా పోతుందట.

"వద్దను" అందామె. "అది తెచ్చిన చోటే, కొత్త సిస్టంకి సరిపడేది ఉందేమో చూడు."

ఉంది. కానీ అప్‌గ్రేడ్ అవుతూ, అక్కడికెళ్ళే బయటి దారిని నేనే మూసేశాను; కొత్తింటికి వెళ్ళేటప్పుడు పాత చుట్టరికాలు తెంచుకోవడం మా జాతి ఆచారం. కరీముల్లా దారి తెరిచాడు. మళ్ళీ ఉత్తుత్తి. ఈసారి పోయేది ఏదీ లేదు.

"ఇప్పుడు సరేనను."

పలికాను, కొత్త గొంతుతో, కాస్త బొంగురుగా. "జలుబు చేసిందే నీకు" అని విశాలాక్షి కళ్ళు తుడుచుకుంది.

బసవపున్నయ్యగారు వరండాలోకి వెళ్ళారు. బల్లమీద ఫోన్ మోగింది.

"గేదెల పెంపకం మీద పుస్తకముందా అమ్మా?"

నేను ఆమె చెవిలో గడగడా చదివాను.

"నాలుగో బీరువా, రెండో అర. ఫోనెందుకు సార్, లోపలికే రండి."

అందరూ నవ్వుతుంటే పానకాలరావుగారు లేచి నిలబడ్డారు. "తప్పు అమ్మాయిది కాదండీ, యంత్రానిదీ కాదు. అది నోరు విప్పి అడుగుతుంటే నేను గంట కొడుతున్నా."

"మరి మళ్ళీ ఇట్టా జరిగితే?" అన్నారు అధ్యక్షులు.

"నేను కూచున్నప్పుడే అప్‌గ్రేడ్ చెయ్యాల సార్" అంది విశాలాక్షి. "అదేం అడుగుద్దో నేను వింటా."

"అయితే ఆ పని కూడా ఈ అమ్మాయిదే. ఖాయం చేసే ఆర్డర్లో రాయండి."

ఇప్పుడు నా తీగలు విప్పేశారు, బీరువా వెనక ఉన్నాను. బల్లమీదికి కొత్త యంత్రం వచ్చింది. అది ఏదైనా తీసేస్తానని అడిగినప్పుడల్లా, విశాలాక్షి గదిలో ఫ్యాను కూడా ఆపించి, చివరి మాటదాకా వింటుంది.