పట్టుబడి ఎవరి పేరున

మొదటి దెబ్బ చెవి మీద పడింది. గట్టు మీద నిలబడ్డ శ్రీసత్య పక్కకి తూలి, ఐసు ట్రేల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు ఆదిత్య. ఆ ఇంట్లో భార్యాభర్తలు ఒకరినొకరు 'మీరు' అనే అనుకుంటారు. కొట్టేటప్పుడు కూడా అతను ఆ మర్యాద తప్పడు.

"ఈ రొయ్యల పట్టుబడి నా పేరున వెయ్యొద్దు." ఆ మాట ఆమె అతనితో కాదు, కాటా దగ్గరున్న రొయ్యల కొనుగోలుదారుతో అంది. "సుధాకర్ గారూ, మీకే చెప్తున్నానండి."

భీమవరం దాపున ఉన్న ఆ చెరువు ఆదిత్యది. రొయ్య పిల్ల వేసేదీ, మేత తెచ్చేదీ, డబ్బు వాడుకునేదీ అతనే. పన్ను తగ్గుతుందని అమ్మకాలు మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య పాన్ మీద వేయించాడు. ఆమె ఖాతాకి కలిపిన ఫోను కూడా అతని జేబులోనే ఉండేది. ఇప్పుడు విడాకుల కేసు చివరికొచ్చింది. ఆమె తణుకులో అన్నగారింట్లో ఉంటోంది. పోయిన నెల ఆదాయపు పన్ను నోటీసు అక్కడికే వచ్చింది. ఇన్నేళ్ళ రొయ్యల ఆదాయానికి పన్ను, దాని మీద వడ్డీ ఆమే కట్టాలట. అతను ఒక్కసారిగా ఇస్తానన్న భరణం అంతా పెట్టినా దానికి చాలదు. ఆదాయం ఆవిడదేనని అతను లాయరు చేత చెప్పించాడు.

నోటీసు చదివిన ఆడిటరు హెలెన్ ఒకటే అడిగింది. "ఆయన పేరున ఒక్క పట్టుబడైనా అమ్మినట్టుందా? ఒక్కటి దొరికితే, పాతవాటి గురించి మాట్లాడ్డానికి మనకి నోరుంటుంది."

అందుకే ఆమె పట్టుబడి రోజునే వచ్చింది. నీళ్ళు మోకాలి లోతుకి దించేశారు. వలలు సగం లాగేశారు. ఒడ్డుకొచ్చిన రొయ్య ఎవరి గొడవ కోసమూ ఆగదు.

"ఆవిడ మాటకేం గానీ, కాటా వెయ్యండి," అన్నాడు ఆదిత్య.

"ఆవిడే వద్దంటుంటే ఆవిడ పేరున ఎలా కొంటానండి? రేపు కంపెనీ నా పీక పట్టుకుంటది."

ఆదిత్య గట్టు మీది వెదురు గెడ అందుకున్నాడు. వల లాగుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఇటు గొడుగు కింద కుర్చీలో కూర్చున్న అతని తల్లి వరలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"ఒప్పుకోండి."

"ఒప్పుకోను."

గెడ భుజం మీద పడింది. రెండోది ఆపడానికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు, పక్కనే ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడులో కలిసిపోయింది. చెయ్యి వేలాడ్డం చూశాకే జనానికి అర్థమైంది.

"అయ్యగారూ, సచ్చిపోద్దండి," అంది రొయ్యలు ఏరుతున్న పాపాయి.

"నీకెందుకే? నీ పని చూసుకో." అతను శ్రీసత్య జుట్టు పట్టి ముఖాన్ని రొయ్యల ట్రేలోకి అదిమాడు. ఇంకా ప్రాణమున్న రొయ్యలు కొట్టుకుంటున్నాయి. వాటి ముక్కు కొనలు ఆమె చెంపల్లో దిగాయి. ఐసు నీళ్ళు ఎర్రబడ్డాయి. "ఇన్నేళ్ళూ నా తిండి తిని నాకే ఎదురొస్తారా? చెరువు నాది. రొయ్య నాది. ఇక్కడ మీదేం ఉంది?"

ఆమె తల విదిలించుకుని అతని బొటనవేలు కొరికింది. పళ్ళు ఎముకకి తగిలేదాకా వదల్లేదు. అతను అరిచి చెయ్యి లాక్కున్నాడు. ఆమె నోట్లోని రక్తం గట్టు మీద ఉమ్మింది.

"నాదేం లేదండి. అదే సుధాకర్ గారికి చెప్పండి."

అతను కాలెత్తి డొక్కలో తన్నాడు. ఆమె బురదలో కూలబడింది. ఇంకోసారి కాలెత్తబోయాడు.

"ఆదిత్య గారూ," అన్నాడు సుధాకర్, ట్రేలో రొయ్య ఒకటి తీసి నొక్కి చూస్తూ. "సరుకు మెత్తబడుతోందండి. ఇంకో అరగంటైతే ఈ ధరకి నేను తీసుకోను."

పాపాయి మాటకి ఆగనివాడు ఆ మాటకి కాలు దించాడు.

"అయితే మా అమ్మ పేరున రాయండి."

"నా పేరొద్దు, నాన్నా," అంది వరలక్ష్మమ్మ.

"ఏంటమ్మా?"

"నా పేరు ఎక్కడా పెట్టకు." ఆవిడ కోడలి వేలాడుతున్న చేతినే చూస్తోంది. "కన్నతల్లినైనా, నాకూ చేతులు కావాలి."

వల దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సరుకెత్తడానికి వచ్చిన లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆదిత్య తల్లిని చూశాడు, లారీని చూశాడు. రక్తం కారుతున్న వేలు లుంగీకి తుడుచుకుని, తన పాన్ నంబరు చెప్పాడు. సుధాకర్ రాసుకుని ఒక్కో అక్షరం తిరిగి చదివాడు. శ్రీసత్య బురదలోంచి లేవకుండా, పగిలిన పెదవి కదుపుతూ వాటిని తనూ అనుకుంది.

మొదటి ట్రే కాటా ఎక్కింది.

"ఆ కాటా చీటీ ఫోటో తీసి నాకూ పంపండి, సుధాకర్ గారూ," అని శ్రీసత్య అప్పుడు పాపాయి వైపు తిరిగింది. "నీ తువ్వాలు ఓసారి ఇస్తావా, పాపాయీ? చెయ్యి కట్టుకోవాలి."