మూడోసారి అడిగాక

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో అమ్మ అడిగి పెట్టినా, రెండుసార్లు వద్దని మూడోసారికి గాని తినరు. ఒక్క పిలుపుకే ప్లేటు ముందుకు జరిపినవాడి గురించి, వాడు పోయిన ఇరవయ్యేళ్ళకి కూడా చెప్పుకుంటారు.

ఆ గడ్డ మీద పుట్టినవాడే వెర్లిన్ హాగెన్. ఇరవై ఆరేళ్ళుగా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతున్నాడు. సోమవారం పొద్దున్నే కొత్త అధికారి డెనీస్ అతన్ని గదిలోకి పిలిచి ఫోర్‌మన్ ఉద్యోగం ఇస్తానంది. కుర్చీలో పని, ఏడాదికి పద్దెనిమిది వేల డాలర్లు ఎక్కువ. "అబ్బే, నాకెందుకులెండి" అన్నాడు వెర్లిన్, మర్యాదకి. డెనీస్‌ది న్యూజెర్సీ. అక్కడ వద్దంటే వద్దనే. సరే, ఇంకొకర్ని చూసుకుంటానని ఫోను అందుకుంది.

ఇంకొకడైతే లబోదిబోమనేవాడు. వెర్లిన్ లారీ ఎక్కి, ఇంకా ఎవరి చక్రాలూ పడని తెల్లటి రోడ్డు మీద బ్లేడు దించి, ఊరు దాటేదాకా ఈల వేస్తూ పోయాడు. చేజారిన పద్దెనిమిది వేలకి ఈల వేసే మొగుణ్ణి ఏ భార్య క్షమిస్తుందో నాకైతే తెలియదు.

అతని భార్య లవాన్ స్కూలు వంటగదిలో రోజుకి ఏడు గంటలు నిలబడి పిల్లలకి వడ్డిస్తుంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పి ఏడాదైంది. వెర్లిన్ జీతం పెరిగితే ఆవిడ పని మానేయవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం భోజనం దగ్గర వెర్లిన్ అంతా చెప్పాడు, ఈల సంగతితో సహా. అబద్ధమాడడం చేతకాదు మరి. వెళ్ళి ఆ ఉద్యోగం తీసుకోమంటావా అని అడిగాడు.

"వద్దులే. లారీలో సుఖంగా ఉన్నావుగా, ఇంకేం కావాలి" అంది లవాన్, మాంసం, బంగాళాదుంపలు కలిపి వండిన హాట్‌డిష్ వడ్డిస్తూ.

అది ఒకటి. ప్లేటు ఖాళీ అయ్యాక మళ్ళీ అడిగాడు. ఇంకో రెండేళ్ళు ఎలాగో లాగించేస్తానంది, బల్ల పట్టుకుని లేస్తూ. అది రెండు.

అక్కడితో ఆగితే వెర్లిన్‌ని తప్పుపట్టేవాడు లేడు. భార్యే వద్దంది, అదీ రెండుసార్లు. డబ్బుదేముంది, తృప్తి ముఖ్యమని మొన్న ఆదివారం చర్చిలో చెప్పనే చెప్పారు. చెప్పినాయన మోకాళ్ళు బాగానే ఉన్నాయి. వెర్లిన్ గిన్నెలన్నీ కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. మూడోసారి అడిగితే నిజం బయటికొస్తుందని అతనికి తెలుసు, అందుకే భయమేసింది. చివరికి చేతులు తుడుచుకుని అడిగాడు.

లవాన్ వంగి మోకాలు రుద్దుకుంది.

"నొప్పి, వెర్లిన్" అంది. "బాగా నొప్పిగా ఉంటోంది. తీసుకో."

మర్నాడు అతను డెనీస్ గది తలుపు తట్టి, ఆ ఉద్యోగం తనకి కావాలన్నాడు. నోరు తెరిచి అడగడం అతని వంశంలోనే లేదు. చెవులు ఎర్రబడ్డాయి. నిన్న వద్దన్నారుగా అందావిడ. నిన్న మీరు ఒక్కసారే అడిగారన్నాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఇంకా ఎవరూ కుదరలేదు కనక ఉద్యోగం ఇచ్చింది.

లారీ తాళాలు బల్ల మీద పెడుతున్న మనిషి మొహం చూసి, "ఇంతకీ మీకు సంతోషమేనా?" అని అడిగింది.

వెర్లిన్ ఆ తాళాల వైపు చూశాడు. లోపల బాధగానే ఉంది.

"మా ఆవిడ కూర్చుంటుందండీ" అన్నాడు.