వాస్కోడగామాకు హారతి

దసరా దగ్గర పడిందని పార్వతమ్మ అటక మీది బొమ్మల పెట్టె దింపమంది. మల్లేశ్వరరావు స్టూలెక్కి దింపాడు. మూత తీసి లోపలికి చూసి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ మూసేశాడు.

"ఏటండీ, ఏటైంది?"

"ఏం లేదు. మట్టి."

"మట్టి బొమ్మలేగా మరి!"

"బొమ్మలు కాదే. ఉత్త మట్టి."

వానాకాలమంతా నీళ్ళ ట్యాంకు పైపు అటక మీదికి కారింది. ఎవరూ చూసుకోలేదు. సీతారాముల కల్యాణం, పెళ్ళి బ్యాండు, కొట్టు ముందు కూర్చున్న శెట్టిగారు, పోయిన ఏడాది మనవడి ముచ్చట కోసం కొన్న క్రికెట్ టీము, అందరూ కలిసి ఒకే ముద్దయిపోయారు. ఆ ముద్దలో చెయ్యి పెట్టి వెతికితే పార్వతమ్మకు రెండే బొమ్మలు దొరికాయి. దశావతారాల్లోని చేప, తాబేలు. ఆ రెండూ ఎప్పుడో పగిలిపోతే, ఆమె మామగారు వ్యాగన్ వర్క్‌షాపులో పని చేసే రోజుల్లో చెక్కముక్కతో మళ్ళీ చెక్కినవి.

"ప్రళయం వస్తే మిగిలేవి ఆ రెండేనని పురాణం ముందే చెప్పింది కదా," అన్నాడు మల్లేశ్వరరావు.

పార్వతమ్మ నవ్వలేదు. పెట్టె పక్కనే కూలబడింది.

శ్రీకాకుళం నుంచి ఆ కుటుంబం రాయపూర్ వచ్చినప్పటి నుంచీ వాళ్ళింట్లో దసరా కొలువు ఆగలేదు. క్వార్టర్లు మారినా, రిటైరై సొంతిల్లు కట్టుకున్నా ఆగలేదు. అత్తగారు మంచాన పడ్డాక ఎవరినీ గుర్తు పట్టేది కాదు గాని, "కొలువు మాత్రం మానకే" అన్న మాట ఒక్కటి మరిచిపోలేదు. అంతకంటే పెద్ద చిక్కు గంగాభవాని. ఆవిడ తెలుగు మహిళా సంఘానికి అధ్యక్షురాలు. హైదరాబాదు నుంచి కొత్త బొమ్మలు తెప్పించి సంఘం హాల్లో పెట్టించింది. "ఇళ్ళల్లో ఇరుకు. ఏ ఏడాది పార్వతమ్మకి వీలు కాకపోతే ఆ ఏటి నుంచి అందరికీ హాల్లోనే కొలువు," అని రెండేళ్ళుగా అంటోంది. మెత్తగానే అంటుంది. మెత్తటి మాటకే పార్వతమ్మకు భయం.

పోనీ కాదనుకుందామా అంటే ఆవిడ లేకుండా జరగదు. హారతి పాట పల్లవి అందరికీ వచ్చు, చరణాలు ఆవిడకే వచ్చు. మెట్టు మెట్టుకీ ఒక చరణం, ఆ మెట్టు మీద ఎవరు కూర్చుంటే వాళ్ళ పేరు చేర్చి మరీ పాడుతుంది. ఆవిడ పాడితేనే కొలువు తీరినట్టు. ఒకసారి పాట అందుకోవడం ఆలస్యమై పళ్ళెంలో కర్పూరం ఆరిపోతే, "పాట లేకుండా హారతి కొండెక్కితే ఆ ఇంటికి అరిష్టం," అని అందరినీ చెడామడా తిట్టింది.

పార్వతమ్మ బొమ్మల కోసం బజారంతా తిరిగింది. కుమ్మరి ఇంటికి వెళ్తే, "మాజీ, ఇప్పుడు చేతులన్నీ దుర్గామాత పనిలో ఉన్నాయి. దీపావళికి రండి, దీపాలు మోసే గ్వాలిన్ బొమ్మలు ఎన్ని కావాలంటే అన్ని," అన్నాడు. ప్లాస్టిక్ బొమ్మలు పెడదామంటే ఆమెకు మనసొప్పలేదు.

అమావాస్య సాయంత్రం కోడలు వీణ స్కూలు నుంచి ఆటోలో ఒక పెద్ద అట్టపెట్టెతో దిగింది. ఆమె భన్‌పురి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది.

"అత్తయ్యా, ఇవి పనికొస్తాయేమో చూడండి. మా పిల్లలు ఎగ్జిబిషన్‌కి చేశారు. రేపు పాత సామాన్ల కబాడీవాడికి ఇచ్చేస్తామన్నారు, నేను పట్టుకొచ్చేశాను."

లోపల జానెడెత్తు అట్టబొమ్మలు. పాత చిత్రాలు అతికించి, చుట్టూ కత్తిరించి, నిలబడడానికి వెనకాల ఆనింపు పెట్టారు. గడ్డాలవాళ్ళు, టోపీలవాళ్ళు, బుట్టంత జుట్టువాడొకడు. వాళ్ళతో పాటు గోపురాలు, గుమ్మటాలు.

"ఎవరే వీళ్ళంతా?"

"కొత్త దేశాలు కనిపెట్టినవాళ్ళు, పెద్ద పెద్ద కట్టడాలు కట్టినవాళ్ళు, వాళ్ళు కట్టిన కట్టడాలు."

పార్వతమ్మ ఒక్కొక్కటీ తీసి చూసింది. కొలువులో తెల్లవాళ్ళేమిటి అని ఒక మనసు అంది. శెట్టిగారూ బ్యాండువాళ్ళూ మాత్రం దేవుళ్ళా అని ఇంకో మనసు అంది. కొలువంటే లోకమంతా అమ్మవారి ముందు కూర్చోవడమని అత్తగారే చెప్పేది. మరి లోకమంటే ఎంతవరకు? శ్రీకాకుళం దాకానా, రాయపూర్ దాకానా? ఈ సంగతి అత్తగారు చెప్పలేదు, తనూ అడగలేదు.

"ఈయనెవరు?"

"కొలంబస్. మన దేశం వద్దామని బయల్దేరి, దారి తప్పి ఇంకెక్కడో దిగాడు. చనిపోయేదాకా అదే మన వైపు అనుకున్నాడట."

"రాయపూర్ టికెట్ కొని, నిద్రపోయి నాగపూర్‌లో దిగినట్టు," అన్నాడు మల్లేశ్వరరావు. ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. "మా సెక్షన్లో అయితే సస్పెండు చేసేవాళ్ళు. ఈయనకి బొమ్మలేసి పెట్టారు."

"ఊరుకోండి. మన దేశం చూద్దామనే కదా బయల్దేరాడు, పాపం. మరి ఈయన?"

"మాగెల్లాన్. భూమి చుట్టూ తిరగడానికి ఓడల్లో బయల్దేరాడు. మధ్యలోనే చనిపోయాడు. ఒక్క ఓడ మాత్రం పూర్తిగా చుట్టి వచ్చింది."

"అంటే భూప్రదక్షిణ!" పార్వతమ్మ ఆ బొమ్మను కళ్ళకద్దుకుంది. "ప్రదక్షిణ చేస్తూ ప్రాణం వదిలాడంటే ఇంకేం కావాలే, మోక్షమే."

వీణ ఏదో చెప్పబోయి మానుకుంది. గడ్డం, టోపీ ఉన్న ఇంకో బొమ్మ తీసినప్పుడు మాత్రం ఆగలేకపోయింది. "ఇతను వాస్కోడగామా, అత్తయ్యా. మన దేశం చేరాడు గాని మంచివాడేం కాదు. కాలికట్ మీద ఫిరంగులు పేల్చాడు."

"కొలువులో రావణాసురుడూ ఉంటాడు కదా," అంది పార్వతమ్మ. "కింది మెట్టు మీద పెడదాం. చేప పక్కన. బుద్ధి వస్తే వస్తుంది."

పాడ్యమి పొద్దున్న అయిదు మెట్లూ లేచాయి. పై మెట్టు మీద కలశం, అమ్మవారి పటం. కింద కట్టడాలు. వాటి కింద, కట్టడాలు కట్టినవాళ్ళు. "విశ్వకర్మ సంతానం," అంది పార్వతమ్మ. ఆ కింద ఇంట్లో ఉన్న తాజ్‌మహల్ బొమ్మ, పిల్లల రైలుబండి. అన్నిటికంటే కింద ఓడలవాళ్ళు, చేప, తాబేలు. అత్తగారి పట్టుచీర పరిచాక చూస్తే కొలువు కొలువులాగే ఉంది.

ఒక్క గోపురంతోనే పేచీ వచ్చింది. పీసా గోపురాన్ని ఏ పిల్లవాడో శ్రద్ధగా పక్కకు ఒరిగేట్టు అతికించాడు. పార్వతమ్మ దాని కింద అగ్గిపుల్ల దోపి నిటారుగా నిలబెట్టింది. వీణ బడికి వెళ్తూ పుల్ల తీసేసింది.

"అది ఒరిగే ఉంటుందత్తయ్యా. దాని గొప్పతనమే అది."

"ఒరగడం ఏం గొప్పే? నేల చూసుకోకుండా కట్టుంటారు. ఇంట్లో వంకర గోపురం ఉంచుకుంటారా ఎవరైనా?"

వీణ వెళ్ళగానే మళ్ళీ పుల్ల. సాయంత్రం ఆమె రాగానే మళ్ళీ వంకర. మూడో రోజుకు మల్లేశ్వరరావు అగ్గిపెట్టె దాచేసి, దీపం పెట్టే వేళకే బయటికి తీసేవాడు.

పంచమి నాడు పేరంటం. సంఘం ఆడవాళ్ళంతా వచ్చారు. పక్కింటి నర్సు శాంతమ్మ కూడా వచ్చింది. ఆమె చర్చికి వెళ్ళే మనిషి. బొట్టు పెట్టించుకోదు గాని గుగ్గిళ్ళు కాదనదు. ఏటా ఆమె వాటా డబ్బాలో వేరే పెట్టడం ఈ ఇంటి పద్ధతి.

చివర్లో గంగాభవాని వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "బొమ్మలు తడిసిపోయాయటగా, పార్వతమ్మా? నాతో చెప్తే హాల్లోనివి పంపనా?" అంది. అందరూ పక్కకు జరిగి ఆవిడకు దారిచ్చారు. కళ్ళజోడు సర్దుకుని కింది మెట్టు దగ్గర వంగింది.

"ఈ గడ్డపాయన ఎవరు? అగస్త్యుడా?"

వీణ అత్తగారి వైపు చూసింది. అవునంటే సరిపోతుంది. పక్కనే సముద్రం గుర్తుగా చేప కూడా ఉంది. అగస్త్యుడు సముద్రం తాగినవాడేగా. పార్వతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. పైన అమ్మవారి పటం కనిపించింది. మింగేసింది.

"కాదండీ. వాస్కోడగామా."

"ఎవరూ?"

"ఓడలో మన దేశం వచ్చిన తెల్లాయన. ఈయన కొలంబస్, రాబోయి తప్పిపోయాడు. ఈయన భూప్రదక్షిణ చేస్తూ పోయాడు. పైన ఐఫిల్ టవరు..."

గంగాభవాని నడుం నిటారుగా చేసింది. "కొలువులో దొరల్ని కూర్చోబెట్టావా? స్నానం సంధ్య లేనివాళ్ళని! పార్వతమ్మా, నీ మీద కోపం కాదు. ఇది మాత్రం కొలువు కాదు. స్కూలు ఎగ్జిబిషన్. దీనికి నేను హారతి పాడను. ఈ ఏటికి తప్పిపోయింది అనుకో. వచ్చే ఏడు అందరం హాల్లోనే."

ఎంత మెత్తగా అందో! మంచం మీది అత్తగారి మాట పార్వతమ్మ చెవిలో మోగింది.

"అక్కా," అంది చివరికి. "నిన్న మనమంతా మైదానంలో దుర్గమ్మ పందిరికి వెళ్ళాం కదా."

"వెళ్ళాం. అయితే?"

"ఆ పందిరి ఏ ఆకారంలో కట్టారు?"

వెనక నుంచి శాంతమ్మ చెప్పింది. "ఐఫిల్ టవరే కదా! లైట్లు కూడా వేశారు. గంగాభవాని గారు దాని ముందు ఫొటో దిగి గ్రూపులో పెట్టారు, నేను బొటనవేలు గుర్తు కూడా పెట్టాను."

ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మవారే వెళ్ళి ఆ టవర్లో కూర్చుంది," అంది పార్వతమ్మ. "లైన్లో నిలబడి దండం పెట్టుకుని, భోగ్ ఖిచిడీ ప్రసాదం తిని వచ్చాం. అదే టవరు మా ఇంట్లో అమ్మవారి కాళ్ళ దగ్గర నిలబడితే తప్పెలా అవుతుంది? నాకు తెలీకే అడుగుతున్నాను."

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరో చెప్పండక్కా, తీసేస్తాను."

"అది... అది బయట," అంది గంగాభవాని.

"గంగాభవాని గారూ, లోపల పెట్టుకుంటేనే వానకి తడవదు," అంది శాంతమ్మ. ఈసారి నవ్వు ఎవరి కొంగుకీ ఆగలేదు.

గంగాభవాని ముఖం ఎర్రబడింది. సంచీ అందుకుంది. ఆవిడ గడప దాటితే అందరూ వెనకే లేస్తారు. పార్వతమ్మకు ఇంకేమీ తోచలేదు. హారతి పళ్ళెం తీసింది. ఉన్న కర్పూరమంతా వేసింది. అగ్గిపెట్టె కోసం తడుముకుంది. లేదు.

"ఏమండీ! అగ్గిపెట్టె!"

వాకిట్లో కూర్చున్న మల్లేశ్వరరావు తను దాచిన చోటు మరిచిపోయి రెండు జేబులూ, చొక్కా మడతా తడిమి, ఆఖరికి పంచె ముడిలోంచి తీసి పరుగున తెచ్చిచ్చాడు. కర్పూరం భగ్గున వెలిగింది.

ఎవరూ పాట అందుకోలేదు. పల్లవి వచ్చినవాళ్ళకు ధైర్యం లేదు. పార్వతమ్మకు గొంతు లేదు. మంట పెద్దదై, అంచులు నీలంగా మారి, కిందికి దిగడం మొదలెట్టింది. గంగాభవాని ఒక చెప్పులో కాలు పెట్టి గడపలో నిలబడింది. చూపు మాత్రం పళ్ళెం మీదే ఉంది. మంట ఇంకొంచెం దిగింది. ఆవిడ పెదవులు కదిలాయి.

"అరిష్టం, అరిష్టం," అని గొణిగి, చెప్పు విదిల్చి, గబగబా లోపలికొచ్చి పాట ఎత్తుకుంది.

ఎత్తుకున్నాక ఆవిడ వేరే మనిషి. పై మెట్టుకు చరణం పాడింది. అందరూ పల్లవి కలిపారు. రెండో మెట్టు దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగింది. ఏ మెట్టునీ వదలడం ఆవిడ నియమంలో లేదు. వదిలితే పాట తెగినట్టే. "గోపురముల మీద కొలువైన తల్లికి" అని అల్లేసింది. కట్టినవాళ్ళ మెట్టు దగ్గర "రాళ్ళు పేర్చిన చేతులకు" అంది. రైలుబండి మెట్టునీ వదల్లేదు. కింది మెట్టుకు వచ్చేసరికి గొంతు బాగా విచ్చుకుంది. "ఓడలెక్కి వచ్చి ఒడ్డు చేరిన వారికి, చేరలేని వారికి, మంగళమమ్మా" అని తారస్థాయిలో ముగించింది. శాంతమ్మ తలూపుతూ తాళం వేసింది. కర్పూరం అప్పుడు ఆరింది.

గంగాభవాని హారతి కళ్ళకద్దుకుంది. ఎవరి వైపూ చూడలేదు. "తాబేలు కొంచెం ముందుకు జరపాల్సింది. కనబడట్లేదు," అంది. అంటే కొలువు తీరినట్టే. పార్వతమ్మ కంట్లో నీళ్ళు తిరిగాయి. గుగ్గిళ్ళు రెండు గరిటెలు ఎక్కువే వేసి ఇచ్చింది.

వెళ్తూ వెళ్తూ గంగాభవాని మళ్ళీ కొలువు ముందు ఆగింది. "ఏమిటే, ఈ గోపురం ఇలా ఒరిగింది? ఇవైనా చూసుకోవద్దూ?" అని, అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి, కింద దోపి, నిటారుగా నిలబెట్టి, తృప్తిగా చూసుకుని మరీ వెళ్ళింది.

అందరూ వెళ్ళాక వీణ పుల్ల తియ్యబోయింది. పార్వతమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. ఎలాగోలా పాడింది కదా. ఈ పూటకి తిన్నగా ఉండనీ."

పొద్దున్న దీపం పెట్టడానికి వస్తే గోపురం మళ్ళీ ఒరిగి ఉంది. పుల్ల మల్లేశ్వరరావు పళ్ళ మధ్య ఉంది. పార్వతమ్మ తాబేలును ఒక అంగుళం ముందుకు జరిపింది.