ఊరికే వెళ్ళొచ్చారు

సెలవులిచ్చిన రోజే బుడ్డది అడిగింది. "నాన్నా, అందరూ ఊరెళ్తున్నారు. మరి మనం ఎక్కడికి?"

పరుపులు కుట్టే నాన్న, ఇంటికి తెచ్చుకున్న పనితో కుస్తీ పడుతున్నాడు. దారం కొసను పళ్ళ మధ్య బిగబట్టి దబ్బనంలోకి ఎక్కిస్తూనే, "ఎక్కడికీ లేదు తల్లీ, ఊరికే ఇంట్లో ఉందాం" అన్నాడు. ముందు మాటనీ వెనక మాటనీ దారం మింగేసింది. మధ్యలో "ఊరికే" ఒక్కటే శుభ్రంగా బయటపడింది.

ఇంకేముంది! "మనం కూడా ఊరికే! ఊరికే వెళ్తున్నాం!" అని బుడ్డది వీధంతా చాటింపు వేసొచ్చింది. ఏ ఊరే అని అడిగినవాళ్ళకి "మా నాన్న ఊరు" అని చెప్పింది. పాపం, ఆ నాన్న పుట్టిందీ పెరిగిందీ ఆ వీధిలోనే.

"బస్సెక్కే స్తోమత లేదని చెప్పేయండి. కాసేపు ఏడ్చి మర్చిపోతుంది" అంది ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే అమ్మ.

"నువ్వు చెప్పరాదూ?"

"నా వల్ల కాదు బాబూ" అని ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బుడ్డది గుమ్మంలో తయారు. దిండు గలీబులో ఒక గౌను, దువ్వెన, ఎందుకో అక్క చెప్పు ఒకటి కుక్కుకుంది. ఆ మూట చూసేసరికి నాన్న ప్రాణం ఉసూరుమంది. నిజం చెబితే ఆ ముఖం ఎలా వాడిపోతుందో తలుచుకోవడానికే భయమేసింది.

"మనకి ఊరు లేదు కదా నాన్నా?" అని పెద్దది చెవిలో గుసగుసలాడింది. దానికి అన్నీ తెలుసు.

"నువ్వు నోరు మెదపకు" అని అతను తన కొట్టుకి పరిగెత్తాడు. దూది దుమ్ముకి దగ్గొస్తుందని పిల్లల్ని ఏనాడూ ఆ గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు దూది ఏకే యంత్రం ఆపేశాడు, కిటికీలు తెరిచాడు, నేలంతా నీళ్ళు చల్లాడు. తర్వాత పిల్లలిద్దర్నీ సందులన్నీ తిప్పి, కాళ్ళు లాగుతున్నాయని బుడ్డది గొణిగేదాకా నడిపించి, కొట్టు వెనక తలుపు తీశాడు.

లోపల పరుపులు కొండల్లా పేర్చి ఉన్నాయి. మూలన దూది తెల్లగా, మోకాలి లోతున పరుచుకుని ఉంది. పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంటే, అందులో దూదిపోగులు తొందరేమీ లేనట్టు తేలుతున్నాయి. వీధి రొద తలుపు దగ్గరే ఆగిపోయింది. బుడ్డది పిలిచిన పిలుపు కూడా ఆ మెత్తదనంలో ఎక్కడో ఇంకిపోయింది. అది పరుపు మీంచి దూదిలోకి దూకింది. తెల్లటి తునకలు పైకి లేచాయి.

"అక్కా, ఇక్కడ వాన కిందనుంచి పైకి కురుస్తుందే!"

చాలాసేపటికి అడిగింది. "ఈ ఊరి పేరేంటి నాన్నా?"

నాన్న పక్కనున్న పరుపు సర్దడం మొదలెట్టాడు. పెద్దది అతని ముఖం చూసింది, చెల్లెలి ముఖం చూసింది. "మెత్తూరు" అంది గంభీరంగా. అని, తనూ దూకేసింది.

మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియదు. కొండలెక్కారు, దొర్లారు, నిద్రపోయి మళ్ళీ లేచారు. అప్పుడు బుడ్డది గోడకేసి చూసింది. మేకుకి వేలాడుతోంది నాన్న పని చొక్కా.

"అది నీదే కదా?"

అయిపోయింది, గుట్టు రట్టయిందనుకున్నాడు నాన్న. "నాదేనమ్మా" అన్నాడు.

"రోజూ నువ్వొచ్చేది ఈ ఊరికేనా?"

"ఔను."

బుడ్డది చుట్టూ మెల్లగా చూసింది. పెదవి వణికింది. "ఇంత మంచి ఊళ్ళో ఉంటూ, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎందుకు పిలవలేదు?"

ఇన్నేళ్ళూ ఆ గదిలో అతనికి కనిపించింది దుమ్మూ నడుం నొప్పీ మాత్రమే. కళ్ళు తుడుచుకుని, పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. తను కుట్టిన పరుపు మీద తను కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.